అణు దాడి జలాంతర్గాములు: బంగాళాఖాతానికి రెండు సరిపోతాయా?

విజయవాడ పక్కన ఇబ్రహీంపట్నం థర్మల్ కేంద్రం ఎలా పనిచేస్తుందో తెలిసినవాళ్లకు అణు జలాంతర్గామి సగం తెలిసినట్టే. అక్కడ బొగ్గు మండి నీళ్లు ఆవిరవుతాయి, ఆ ఆవిరి టర్బైన్‌ను తిప్పుతుంది. జలాంతర్గామిలోనూ ఆవిరే, టర్బైనే. బొగ్గు ఉండాల్సిన చోట యురేనియం ఉంటుంది, అంతే. కానీ ఆ ఒక్క మార్పుతో చాలా మారిపోతుంది. ఇబ్రహీంపట్నానికి రోజూ రైళ్లలో బొగ్గు దిగాలి, మంటకు గాలి అందాలి, పొగకు చిమ్నీ ఉండాలి. యురేనియం పరమాణువు చీలడానికి గాలి అక్కర్లేదు, పొగ రాదు. అమెరికా వర్జీనియా తరగతి జలాంతర్గామిలో ఒకసారి పెట్టిన ఇంధనం 33 ఏళ్లు, అంటే దాని సర్వీసు ముగిసేదాకా సరిపోతుంది.

రియాక్టర్ లోపల తిరిగే నీళ్లను మరగనివ్వరు. తీవ్రమైన ఒత్తిడిలో ఉంచుతారు కాబట్టి రెండు మూడు వందల డిగ్రీల వేడిలోనూ అవి నీళ్లలాగే ఉంటాయి. ఆ నీళ్లు తమ వేడిని గొట్టాల గోడల మీదుగా విడిగా ఉన్న మరో నీటికి ఇస్తాయి, ఆవిరయ్యేది ఆ రెండో నీరు. రేడియోధార్మికత మొదటి వలయం దాటి టర్బైన్ దాకా రాకుండా ఈ ఏర్పాటు. కరెంటుకు కొదవ ఉండదు కాబట్టి సముద్రపు నీటిని మంచినీళ్లుగా మార్చుకుంటారు, నీటిని విడగొట్టి ఆక్సిజన్ తయారుచేసుకుంటారు. ఇక మిగిలిన హద్దు తిండి. మూడు నెలలకు సరిపడా సరుకు నింపుకుని బయల్దేరితే, అది అయిపోయేదాకా పైకి రావాల్సిన పని లేదు.

ఈ అణు జలాంతర్గాములు ప్రధానంగా రెండు రకాలు, వాటి పనులు పూర్తిగా వేరు. మన ఐఎన్ఎస్ అరిహంత్, 2024 ఆగస్టు 29న విశాఖలో నౌకాదళంలో చేరిన ఐఎన్ఎస్ అరిఘాత్ మొదటి రకం. అవి అణ్వాయుధ క్షిపణులు మోస్తాయి. ముందుగా అణుబాంబు వాడం అన్న మాటకు కట్టుబడిన దేశం, తన మీద దాడి జరిగాక జవాబు చెప్పాలంటే ఎవరికీ కనబడని చోట కొన్ని క్షిపణులు దాచుకోవాలి. అందుకని వాటి పని దాక్కోవడం. రెండో రకం దాడి జలాంతర్గామి, అంటే అటాక్ సబ్‌మెరైన్. ఇది వెతుకుతుంది, వెంటాడుతుంది, అవసరమైతే ముంచుతుంది. దీన్ని నడిపేది అణుశక్తి అయినా, మోసేది మామూలు టార్పెడోలు, మామూలు వార్‌హెడ్ ఉన్న క్రూయిజ్ క్షిపణులు. ఇలాంటివి రెండు దేశంలోనే కట్టడానికి 2024 అక్టోబరులో కేంద్ర కేబినెట్ భద్రతా కమిటీ ఆమోదం తెలిపింది. పత్రికల లెక్క ప్రకారం ఖర్చు 40 వేల కోట్ల రూపాయల దగ్గర్లో ఉంటుంది. మొదటిది 2036-37లో, రెండోది మరో రెండేళ్లకు వస్తాయని ఆ డిసెంబరులో నౌకాదళ ప్రధానాధికారి అడ్మిరల్ దినేశ్ త్రిపాఠి చెప్పారు.

ఇంత డబ్బు ఎందుకు, ఉన్న డీజిల్ జలాంతర్గాములు చాలవా అన్నది న్యాయమైన ప్రశ్న. దానికి జవాబు వేగంలో ఉంది. ఇంకా కచ్చితంగా చెప్పాలంటే, నీటి లోపల రోజుల తరబడి నిలబెట్టుకోగల వేగంలో.

డీజిల్ జలాంతర్గామి లోపలికి మునిగాక బ్యాటరీల మీద నడుస్తుంది. అవి అయిపోతే పైకి వచ్చి, నీటి మీదికి ఒక గొట్టం పెట్టి గాలి పీల్చుకుంటూ, ఇంజన్లు నడిపి ఛార్జ్ చేసుకోవాలి. రాడార్‌కు, గస్తీ విమానానికి దొరికిపోయే సమయం అదే. ఇంకో చిక్కు ఉంది. నీటిని చీల్చుకుని పోవడానికి కావాల్సిన శక్తి, వేగంతో పాటు సమానంగా పెరగదు. వేగం రెట్టింపైతే శక్తి సుమారు 8 రెట్లు కావాలి. 5 నాట్ల నుంచి 20 నాట్లకు, అంటే గంటకు 37 కిలోమీటర్లకు పోవాలంటే 64 రెట్లు. ఏ బ్యాటరీ అయినా ఆ వేగంతో కొద్ది గంటల్లో ఖాళీ అవుతుంది. ఫ్రెంచ్ స్కార్పీన్ నమూనాతో ముంబైలో కట్టిన మన కల్వరి తరగతి జలాంతర్గాములు ఆరూ మంచివే. వేగంగానూ పోగలవు. కానీ కాసేపే.

దీన్ని బంగాళాఖాతం మ్యాప్ మీద పెట్టి చూడండి. విశాఖ నుంచి సుమత్రా ఉత్తర కొసకు, మలక్కా జలసంధి మొదలయ్యే చోటికి దాదాపు వెయ్యి నాటికల్ మైళ్లు, అంటే సుమారు 1,850 కిలోమీటర్లు. నీటి లోపలే 5 నాట్లతో నెమ్మదిగా పోతే 8 రోజులు పైనే పడుతుంది, అదీ మధ్యలో ఛార్జింగ్‌కు పైకి వస్తూ. 20 నాట్లతో పోయే అణు జలాంతర్గామికి రెండు రోజులు. 8 రోజుల తర్వాత చేరేసరికి రావాల్సిన శత్రు నౌక వచ్చి వెళ్లిపోయి ఉంటుంది. అందుకే డీజిల్ జలాంతర్గామిని ముందే ఒక ఇరుకు దారి దగ్గర కాపలా పెడతారు. శత్రువు అటుగా వస్తేనే దానికి పని. అణు జలాంతర్గామి అయితే శత్రువు ఎటు పోతే అటు పోగలదు.

మలక్కా ఊరికే తీసుకున్న ఉదాహరణ కాదు. 2013 డిసెంబరులో చైనా అణు దాడి జలాంతర్గామి ఒకటి హిందూ మహాసముద్రంలోకి వచ్చింది. మరుసటి ఏడాది చైనా డీజిల్ జలాంతర్గామి కొలంబో రేవులో ఆగింది. మలక్కాలో చాలాచోట్ల లోతు తక్కువ, నౌకల రద్దీ ఎక్కువ, కాబట్టి ఆ దారిన వచ్చేవాళ్లు పైకి తేలే రావాలి. ఇండోనేషియా దగ్గర లాంబోక్ జలసంధి లోతైనది, అక్కడ ఆ ఇబ్బంది లేదు. పైకి తేలి వచ్చినదాన్ని అరక్కోణం నుంచి లేచే మన పీ-8ఐ గస్తీ విమానాలు చూడగలవు. అది మళ్లీ మునిగాక, తర్వాతి మూడు నెలలు ఎక్కడ తిరుగుతోందన్నదే అసలు టెన్షన్. విమానం కొన్ని గంటలు వెతికి ఇంధనానికి తిరిగి రావాలి. యుద్ధనౌక వెంటబడితే దాని ఇంజన్ల చప్పుడు కింద ఉన్నవాడికి ముందే వినిపిస్తుంది. అణు జలాంతర్గామి వెనకాల వారాల తరబడి, అదే వేగంతో, అదే లోతులో పోగలిగేది మరో అణు జలాంతర్గామే. ప్రచ్ఛన్న యుద్ధ కాలమంతా అమెరికా, బ్రిటన్, సోవియట్ జలాంతర్గాములు ఉత్తర అట్లాంటిక్‌లో ఒకదాని వెనక ఒకటి ఇదే పని చేశాయి. మిగతా పనులు ఎన్ని ఉన్నా, ఈ తరహా ఓడకు మూలం ఇదే.

దాని బలం యుద్ధంలో తేలింది 1982లో, దక్షిణ అట్లాంటిక్‌లో బ్రిటన్ అధీనంలోని ఫాక్‌లాండ్స్ దీవుల దగ్గర. అర్జెంటీనా ఆ దీవులను ఆక్రమించాక బ్రిటన్ 12 వేల కిలోమీటర్ల దూరం నుంచి సైన్యాన్ని పంపాల్సి వచ్చింది. విమానవాహక నౌకలు ఇంకా దారిలో ఉండగానే, ఏప్రిల్ 12 నుంచి దీవుల చుట్టూ 200 నాటికల్ మైళ్ల మేర నిషేధిత ప్రాంతం అమల్లోకి వచ్చిందని బ్రిటన్ ప్రకటించింది. ఆ రోజుకు అక్కడ దాన్ని అమలు చేయడానికి ఉన్నది జలాంతర్గామే. మే 2న బ్రిటన్ అణు జలాంతర్గామి హెచ్ఎంఎస్ కాంకరర్, అర్జెంటీనా క్రూయిజర్ జనరల్ బెల్‌గ్రానోను ముంచింది. అణు జలాంతర్గామి యుద్ధంలో ఒక నౌకను ముంచడం అదే మొదటిసారి. ఆధునిక టార్పెడోలు చేతిలో ఉన్నా కెప్టెన్ వాడింది రెండో ప్రపంచయుద్ధం నాటి డిజైన్‌వి. 323 మంది చనిపోయారు. నౌక ఆ సమయంలో నిషేధిత ప్రాంతం బయట ఉందన్న వివాదం ఇప్పటికీ సాగుతోంది. ఆ ప్రాణాలను లెక్కల్లో ఒక అంకెగా దాటేయడం సరికాదు. సైనికపరంగా చూస్తే మాత్రం, ఆ తర్వాత అర్జెంటీనా ఉపరితల యుద్ధనౌకలు విమానవాహక నౌకతో సహా తీరం దగ్గరికి వెళ్లిపోయి, యుద్ధం ముగిసేదాకా బయటికి రాలేదు. ఒక్క దాడితో ఒక దేశపు పెద్ద యుద్ధనౌకలు ఆటలోంచి తప్పుకున్నాయి. కాంకరర్ ఎక్కడుందో తెలియకపోవడమే దానికి కారణం.

ఇతర పనుల గురించి క్లుప్తంగా చెప్పుకోవచ్చు. 1991 గల్ఫ్ యుద్ధంలో అమెరికా జలాంతర్గాములు తొలిసారి టోమహాక్ క్షిపణులను నీటి లోపలి నుంచి భూమి మీది లక్ష్యాలకు పేల్చాయి. అప్పటి నుంచి తీరానికి దూరంగా ఉండి లోతట్టు లక్ష్యాలను కొట్టడం వీటి ముఖ్యమైన పనుల్లో చేరింది. కొత్త వర్జీనియాల్లో అదనంగా 28 టోమహాక్‌లు పట్టేలా పొట్టను పొడిగించారు. రష్యా యాసెన్ తరగతి కాలిబర్, ఓనిక్స్ క్షిపణులతో వస్తుంది. వాటిలో ఒకటైన కజాన్ 2024 జూన్‌లో క్యూబా రాజధాని హవానా రేవులో కనిపించింది. విమానవాహక నౌకకు ముందు దారి శుభ్రం చేయడం, శత్రు తీరం దగ్గర రేడియో సంకేతాలు వినడం, కమాండోలను దింపడం కూడా వీటి డ్యూటీలే. మనకు రెండు విమానవాహక నౌకలున్నాయి. వాటి కాన్వాయ్ వేగానికి సరితూగుతూ నీటి కింద కాపలా కాసేది ఇవాళ మన దగ్గర ఒక్కటీ లేదు.

ఇక చప్పుడు సంగతి. నీటి లోపల వెలుతురు, రాడార్ పనికిరావు. అంతా చెవితోనే. సముద్రపు నీటిలో ధ్వని సెకనుకు సుమారు 1,500 మీటర్లు పోతుంది, గాలిలో కంటే నాలుగు రెట్లకు పైగా. అయితే అది తిన్నగా పోదు. నీటి వేడి, ఉప్పు, లోతు మారేకొద్దీ ధ్వని వేగం మారుతుంది, వేగం తక్కువున్న పొర వైపు అది వంగుతుంది. అందుకే పైన ఉన్న నౌక సోనార్‌కు, అంటే ధ్వనితో వెతికే పరికరానికి, 50 మీటర్ల లోతులో ఉన్నది వినిపించి, 150 మీటర్ల లోతులో ఉన్నది అసలు వినిపించకపోవచ్చు. ఈ పొరలు ఎక్కడున్నాయో తెలిసిన జలాంతర్గామి కెప్టెన్ వాటి చాటున దాక్కుంటాడు.

బంగాళాఖాతం ఈ విషయంలో ప్రపంచంలోనే ప్రత్యేకమైన సముద్రం. గంగ, బ్రహ్మపుత్ర, మహానది, గోదావరి, కృష్ణ అన్నీ ఇందులోనే కలుస్తాయి. వానాకాలం నుంచి చలికాలం దాకా పై పొర నీటిలో ఉప్పు బాగా తగ్గిపోతుంది. తేలికైన ఆ నీరు కింద ఉన్న ఉప్పునీటితో త్వరగా కలవదు. చలికాలంలో ఉత్తరాన పై పొర చల్లబడి, దాని కింద వెచ్చటి నీరు నిలిచే తలకిందుల పరిస్థితి కూడా వస్తుంది. 2024 సెప్టెంబరు మొదట్లో ప్రకాశం బ్యారేజీ నుంచి 11 లక్షల క్యూసెక్కులకు పైగా వరద కిందికి పోయింది. బ్యారేజీ చరిత్రలోనే అది ఎక్కువ. అజిత్‌సింగ్‌నగర్ పక్క బుడమేరు ముంపులో ఉన్నవాళ్లకు అప్పుడు సముద్రం ఆలోచన వచ్చి ఉండదు. కానీ ఆ నీరంతా హంసలదీవి చుట్టుపక్కల సముద్రంలో కలిసి, ఏటా తయారయ్యే ఆ ఉప్పు తక్కువ పొరలో భాగమైంది. అందులో సింహభాగం గంగా బ్రహ్మపుత్రలది, కృష్ణది చిన్న వాటా. అట్లాంటిక్ కోసం రాసిన సోనార్ లెక్కలు ఈ సముద్రానికి యథాతథంగా సరిపోవు. నెలనెలా మారే ఈ పొరలను ఎవరు ఎక్కువ ఏళ్లు కొలిచి ఉంచుకుంటే వాళ్లకు ఇక్కడ పైచేయి. ఆ పని చేయగలిగేది మన సముద్ర శాస్త్రవేత్తలే. జలాంతర్గామి మీద పెట్టే డబ్బులో ఒక చిన్న ముక్క ఈ కొలతల మీద పెట్టినా ఫలితం ఎక్కువ.

అణు జలాంతర్గామికి ఒక సహజమైన లోపం ఉంది, దాన్ని దాచి రాయడం తప్పు. రియాక్టర్‌ను కారు ఇంజన్‌లా ఆపేయలేరు. చల్లబరిచే పంపులు తిరుగుతూనే ఉండాలి, టర్బైన్, గేర్లు చప్పుడు చేస్తాయి. బ్యాటరీ మీద నిదానంగా పోయే డీజిల్ జలాంతర్గామి చాలాసార్లు దానికంటే నిశ్శబ్దంగా ఉంటుంది. గాలితో పనిలేని ఇంజన్ ఉన్న స్వీడన్ చిన్న జలాంతర్గామి గాట్లాండ్, 2005లో అమెరికా తీరంలో జరిగిన విన్యాసాల్లో రొనాల్డ్ రీగన్ విమానవాహక నౌకను కాపలా దాటి 'ముంచింది'. అందుకే పెద్ద దేశాలు దశాబ్దాలుగా చప్పుడు తగ్గించడానికే తంటాలు పడుతున్నాయి. యంత్రాలను ఓడ గోడకు తగలకుండా రబ్బరు ఊతాల మీద నిలబెడతారు. బయట ధ్వనిని మింగే పలకలు అతికిస్తారు. మామూలు ప్రొపెల్లర్ బదులు పంప్‌జెట్, అంటే గొట్టం లోపల తిరిగే రెక్కలు పెడతారు. తక్కువ వేగంలో పంపులు లేకుండా నీరు తనంతట తానే తిరిగేలా రియాక్టర్‌ను డిజైన్ చేస్తారు. 1980లలో జపాన్ తోషిబా అనుబంధ సంస్థ, నార్వే కంపెనీ కలిసి ప్రొపెల్లర్లు చెక్కే యంత్రాలను, వాటి కంట్రోళ్లను నిబంధనలకు విరుద్ధంగా సోవియట్‌కు అమ్మాయని బయటపడినప్పుడు అమెరికాలో పెద్ద గొడవ జరిగింది. ఒక మిల్లింగ్ మెషీన్ గురించి ప్రభుత్వాలు కొట్టుకునే స్థాయి విషయం ఇది.

కాబట్టి అణు జలాంతర్గాములు వస్తే డీజిల్‌వి వద్దనడం పొరపాటు. నిజాంపట్నం, సూర్యలంక ఎదుటి లోతు తక్కువ నీళ్లలో వేల టన్నుల అణు జలాంతర్గామికి మసలే చోటు ఉండదు. తీరం దగ్గర చిన్నవి, లోతు సముద్రంలో పెద్దవి. రెండూ కావాలి.

ప్రమాదాల సంగతి కూడా తీరంలో బతికేవాళ్లకు తెలియాలి. 1963లో అమెరికా థ్రెషర్ లోతు పరీక్షల్లో మునిగి 129 మంది పోయారు. 2008లో రష్యా నెర్పాలో మంటలార్పే గ్యాస్ పొరపాటున విడుదలై 20 మంది ఊపిరాడక చనిపోయారు. ఆ నెర్పానే 2012లో ఐఎన్ఎస్ చక్రగా మన నౌకాదళానికి లీజుకు వచ్చింది. ఈ రెండు ఘటనల్లో రియాక్టర్ కరిగిపోవడం లాంటివేమీ లేవు; ప్రాణాలు తీసినవి పైపులు, వాల్వులు, బటన్లు, శిక్షణ లోపాలు. పాత జలాంతర్గాములను ఏం చేయాలన్నది మరో భారం. బ్రిటన్ సర్వీసు అయిపోయిన ఇరవైకి పైగా అణు జలాంతర్గాములను విడగొట్టడం పూర్తికాక డెవన్‌పోర్ట్, రోసైత్ రేవుల్లో ఏళ్ల తరబడి నిలిపి ఉంచింది. కట్టే రోజునే విప్పే ఖర్చు కూడా లెక్కలో రాసుకోవాలి. అనకాపల్లి జిల్లా రాంబిల్లిలో కొత్త నౌకా స్థావరం కడుతున్న మనకు ఈ పాఠం దూరపు సంగతి కాదు.

ఇప్పుడు ఆ 'రెండు' అన్న అంకె దగ్గరికి వద్దాం. నౌకాదళం మొదట్లో అడిగినవి ఆరు. ఏ నౌకాదళంలోనైనా మామూలు లెక్క ఒకటే: సముద్రంలో ఒకటి ఉండాలంటే చేతిలో మూడు ఉండాలి. ఒకటి గస్తీలో, ఒకటి రిపేరులో, ఒకటి శిక్షణలోనో ప్రయాణానికి సిద్ధమవుతూనో. రెండే ఉంటే ఏడాదిలో కొన్ని నెలలు సముద్రంలో ఒక్కటీ ఉండదు. శత్రువుకు ఆ ఖాళీ నెలలు తెలిస్తే మిగతా నెలల భయం కూడా తగ్గిపోతుంది. దశాబ్దాల అనుభవం ఉన్నవాళ్లకే ఇది కష్టంగా ఉంది. 2023లో అమెరికా దాడి జలాంతర్గాముల్లో మూడో వంతుకు పైగా రిపేరులోనో రిపేరు కోసం ఎదురుచూస్తూనో ఉన్నాయి. బోయిసీ అనే జలాంతర్గామికి 2017లో నీట మునిగే అనుమతి పోయింది. దాని మరమ్మతు కాంట్రాక్టు కుదిరింది 2024లో. ఏడాదికి రెండు చొప్పున కట్టాలనుకున్న వర్జీనియాలు ఒకటీ, ఒకటిన్నర మధ్యే తేలుతున్నాయి. వీటిలోంచే ఆస్ట్రేలియాకు కూడా 2030లలో మూడు ఇస్తామని అమెరికా, బ్రిటన్, ఆస్ట్రేలియాల మధ్య కుదిరిన ఆకస్ ఒప్పందంలో మాటిచ్చారు.

అందుకే 2024 నిర్ణయం సరైనదే అయినా సగం నిర్ణయం. మూడోది, నాలుగోది వెంటనే ఆర్డర్ ఇవ్వకపోతే నష్టం రెండు రకాలు. ఒకటి గస్తీలో ఖాళీ. రెండోది యార్డులో ఖాళీ. మందపాటి ప్రత్యేక ఉక్కును అతికే వెల్డర్, రియాక్టర్ గొట్టాలు తనిఖీ చేసే టెక్నీషియన్ ఏళ్ల తరబడి తయారవుతారు. రెండు ఓడలు అయ్యాక పని లేకపోతే వాళ్లు వేరే దారి చూసుకుంటారు, ఆ తర్వాత కావాలన్నా దొరకరు. అరిహంత్ రియాక్టర్ శక్తి 83 మెగావాట్లు. వేగం కావాల్సిన దాడి జలాంతర్గామికి అంతకంటే పెద్ద రియాక్టర్ కావాలి, అంటే కల్పాక్కంలో మొదటి నమూనా నడిపి నేర్చుకున్న దశలన్నీ మళ్లీ గడవాలి. ఆ శ్రమంతా రెండు ఓడల కోసం అంటే ఒక్కో ఓడ మీద పడే ఖర్చు విపరీతం. ఆరింటి మీద పంచితేనే అది న్యాయంగా కనిపిస్తుంది.

ఈ పనిలో కృష్ణా, గుంటూరు ప్రాంతానికి చోటు ఉండాలని కోరుకోవడం ఆశ మాత్రమే కాదు. మచిలీపట్నంలో భారత్ ఎలక్ట్రానిక్స్ యూనిట్ సైన్యం కోసం నైట్ విజన్, ఆప్టికల్ పరికరాలు చేస్తోంది. 2025 మే 2న అమరావతి సభ నుంచే నాగాయలంక క్షిపణి పరీక్షా కేంద్రానికి ప్రధాని శంకుస్థాపన చేశారు. కొత్త జలాంతర్గాముల్లో గాజు పెరిస్కోప్ బదులు కెమెరాలతో పనిచేసే మాస్టులు వస్తున్నాయి. సోనార్ నుంచి వచ్చే ధ్వనిలో చేపల చప్పుడేదో, ఓడ చప్పుడేదో విడదీసే పని సిగ్నల్ ప్రాసెసింగ్ చదివినవాళ్లది. ఇక్కడి ఇంజనీరింగ్ కాలేజీల నుంచి ఏటా బయటికి వచ్చే ఎలక్ట్రానిక్స్ పిల్లల్లో కొందరినైనా ఈ వైపు తిప్పే ల్యాబ్‌లు, ప్రాజెక్టులు ఇప్పుడే మొదలుపెడితే వాళ్లు పనికి అందే సమయానికి ఓడా సిద్ధమవుతుంది.

వీటన్నిటికంటే దగ్గర్లో ఉన్న సమస్య సిబ్బంది. దాడి జలాంతర్గామిని నడపడం పుస్తకాల్లో రాదు. మన వాళ్లు అది నేర్చుకున్నది 1988 నుంచి 1991 దాకా సోవియట్ నుంచి లీజు మీద ఉన్న మొదటి చక్ర మీద, 2012 నుంచి 2021 దాకా ఉన్న రెండో చక్ర మీద. రెండోది రష్యాకు తిరిగి వెళ్లాక ఆ ఖాళీ అలాగే ఉంది. మూడోదాని కోసం 2019 మార్చిలో 300 కోట్ల డాలర్లకు పైగా లీజు ఒప్పందం కుదిరింది, 2025కల్లా రావాల్సినది వెనక్కి జరిగింది. అది ఇంకా ఆలస్యమైతే, 2036-37లో కొత్త ఓడ వచ్చే వేళకు రెండో చక్ర మీద పనిచేసిన అధికారుల్లో చాలామంది రిటైర్ అయిపోతారు. ఈ లీజును త్వరగా పూర్తిచేయించుకోవడం, అందులో శిక్షణ పొందే సిబ్బంది సంఖ్యను రెండు ఓడలకు కాక నాలుగింటికి సరిపడేలా పెంచడం ఢిల్లీ ఇప్పుడే చేయగల పనులు. అందుకు కొత్త డిజైన్ కోసం ఆగనక్కర్లేదు.